ఋణం, కోరిక: ‘షల్’, ‘విల్’ క్రియల అర్థచరిత్ర – తెలుగు అనువాద దృష్టి

ఉపోద్ఘాతం

ఆంగ్లంలో భవిష్యదర్థాన్ని తెలిపే సహాయక క్రియలు ప్రధానంగా రెండు: ‘షల్’, ‘విల్’. మన పాఠశాలల్లో ఆంగ్లం చదువుకున్న అనేక తరాలవారికి ఈ రెండింటి భేదం ఒక పట్టికగా పరిచయమైంది. ఉత్తమ పురుషలో ‘షల్’, మధ్యమ ప్రథమ పురుషల్లో ‘విల్’ వాడితే అది కేవల భవిష్యత్తు. ఈ క్రమాన్ని తారుమారు చేస్తే సంకల్పమో, వాగ్దానమో, ఆజ్ఞో అవుతుంది. పరీక్షల కోసం కంఠస్థం చేసిన ఈ సూత్రాన్ని ఆ తరవాత ఆంగ్ల గ్రంథాల్లో వెతికితే అది నిలిచిన చోట్ల కంటే తప్పిన చోట్లే ఎక్కువగా కనిపిస్తాయి.

సూత్రానికీ ప్రయోగానికీ మధ్య ఈ ఎడం ఎలా ఏర్పడింది? ఆ సూత్రం వెనక మరుగుపడిన అసలు అర్థభేదం ఏది? ఆ భేదాన్ని తెలుగులోకి తెచ్చుకోవలసి వచ్చినప్పుడు, ముఖ్యంగా శాసనానువాదంలో, మన క్రియారూపాలు దాన్ని ఎంతవరకు మోయగలవు? ఈ మూడు ప్రశ్నలను చారిత్రకంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. ‘షల్’, ‘విల్’ల భేదం మూలంలో పురుషభేదం కాదనీ, క్రియ వెనక పనిచేసే సంకల్పం ఎవరిదన్న భేదమనీ ఇక్కడి ప్రతిపాదన. అనువాదకుడు వేసుకోవలసిన ప్రశ్న కూడా అదే.

మూలార్థాలు

ప్రాచీన ఆంగ్లంలో ఈ రెండూ సహాయక క్రియలు కావు. సంపూర్ణమైన అర్థం ఉన్న ప్రధాన క్రియలు. ‘షల్’కు మూలమైన ‘స్కులన్’ అనే ధాతువుకు ‘బాకీపడు, అచ్చియుండు’ అని అర్థం. లూకా సువార్తలోని ఒక నీతికథలో గృహనిర్వాహకుడు తన యజమానికి బాకీ ఉన్నవారిని ఒక్కొక్కరినే పిలిచి, ఎంత అచ్చియున్నావని అడుగుతాడు. ప్రాచీన ఆంగ్ల సువార్తానువాదంలో ఆ ప్రశ్నలోని క్రియ ‘షల్’ పూర్వరూపమే. జర్మన్ భాషలో దీనికి జ్ఞాతి అయిన ‘సోలెన్’ అనే క్రియ విధ్యర్థంలో నిలిచింది. అదే మూలానికి చెందిన ‘షుల్ద్’ అనే నామవాచకం అప్పు, అపరాధం అనే రెండు అర్థాలనూ నేటికీ మోస్తున్నది. బాకీ నుంచి బాధ్యతకూ, బాధ్యత నుంచి విధికీ అర్థం విస్తరించడం సహజం. ‘ఆట్’ అనే మరొక ఆంగ్ల విధ్యర్థక పదం కూడా బాకీపడటమనే అర్థం గల ‘ఓ’ క్రియకు భూతకాలరూపం నుంచే వచ్చింది. దేవఋణం, ఋషిఋణం, పితృఋణం అంటూ మానవుని కర్తవ్యాలనే ఋణాలుగా భావించిన వైదిక సంప్రదాయం తెలిసిన మనకు ఈ పరిణామం కొత్తగా తోచదు.

‘విల్’కు మూలమైన ‘విల్లన్’ ధాతువుకు ‘కోరు, ఇచ్ఛగించు’ అని అర్థం. లాటిన్‌లోని ‘వెల్లె’, జర్మన్‌లోని ‘వోలెన్’ దీనికి జ్ఞాతులు. సంస్కృతంలో ‘ఎన్నుకొను’ అనే అర్థం గల ‘వృ’ ధాతువును కూడా తులనాత్మక భాషాశాస్త్రజ్ఞులు ఈ కుటుంబంలోనే చేరుస్తారు. ఆ లెక్కన తెలుగులో తత్సమాలుగా వాడుకలో ఉన్న వరం, వరుడు, వరించు వంటి పదాలకూ ఆంగ్లంలోని ‘విల్’కూ దూరపు చుట్టరికం ఉంది. అయితే తెలుగు ‘వలచు’, ‘వలయు’ అనే దేశ్య క్రియలతో ‘విల్’కు కనిపించే పోలిక యాదృచ్ఛికం. ధ్వనిసామ్యం, అర్థసామ్యం రెండూ ఉన్నంత మాత్రాన జ్ఞాతిత్వం సిద్ధించదు. ఈ జాగ్రత్త ముందే చెప్పుకోవలసి ఉంది. ఎందుకంటే ‘వలయు’తో ‘విల్’ను, ‘షల్’ను పోల్చవలసిన అవసరం ముందు రానున్నది, ఆ పోలిక అర్థానికి సంబంధించినదే తప్ప వ్యుత్పత్తికి సంబంధించినది కాదు.

కాబట్టి ప్రారంభంలో ఈ రెండు క్రియలు పరస్పరం ఎదురెదురుగా ఉన్నాయి. ‘షల్’లో కర్తను కదిలించే శక్తి కర్తకు బయట ఉంది: ఋణదాత, ప్రభువు, దైవం, విధి. ‘విల్’లో ఆ శక్తి కర్తలోనే ఉంది.

ప్రత్యేక భవిష్యద్రూపం లేని భాష

ప్రాచీన ఆంగ్లంలో భవిష్యత్తుకు ప్రత్యేకమైన ప్రత్యయం లేదు. వర్తమానరూపమే సందర్భాన్ని బట్టి భవిష్యత్తును కూడా చెప్పేది. సుమారు క్రీ.శ. 1000 ప్రాంతంలో లాటిన్ వ్యాకరణాన్ని ఆంగ్లంలో వివరించిన ఏల్ఫ్రిక్, లాటిన్ భవిష్యద్రూపానికి సమానంగా ఆంగ్ల వర్తమానరూపాన్నే ఇచ్చాడు. దానికి ‘ఇప్పుడే గాని, మరొకప్పుడు గాని’ అనే అర్థం వచ్చే క్రియావిశేషణాలను జోడించాడు. ‘రేపు వస్తాను’, ‘రోజూ వస్తాను’ అని ఒకే రూపంతో భవిష్యత్తునూ అలవాటునూ చెప్పే తెలుగువారికి ఆయన ఇబ్బంది సులభంగానే అర్థమవుతుంది.

ఈ ఖాళీలోకి రెండు క్రియలూ క్రమంగా ప్రవేశించాయి. బాకీ ఉన్నది చెల్లించవలసిందే కాబట్టి ‘షల్’ జరగబోయేదాన్ని సూచించింది. కోరినవాడు చేయబూనుకుంటాడు కాబట్టి ‘విల్’ కూడా జరగబోయేదాన్నే సూచించింది. ప్రధాన క్రియ తన స్వార్థాన్ని కోల్పోతూ వ్యాకరణ సాధనంగా మారే ఈ ప్రక్రియనే భాషాశాస్త్రంలో వ్యాకరణీకరణం అంటారు. ఈ మార్పు ఒక్కసారిగా జరగలేదు. 14వ శతాబ్ది చివరి కవి ఛాసర్ రచనలో కూడా ‘షల్’ బాకీపడటమనే పాత అర్థంలో ఒకచోట కనిపిస్తుంది. అదే కాలంలో వెలువడిన విక్లిఫ్ బైబిలు అనువాదాల్లో లాటిన్ భవిష్యత్తుకు ‘షల్’, లాటిన్‌లో కోరడాన్ని తెలిపే క్రియకు ‘విల్’ వాడే పద్ధతి ఉంది. అంటే విద్వాంసుల అనువాద భాషలో ‘షల్’ అన్ని పురుషలకూ సాధారణ భవిష్యద్వాచకమైంది. ‘విల్’ ఇంకా తన కోరికను వదులుకోలేదు. ధర్మశాసనాలతో, ప్రవచనాలతో నిండిన గ్రంథంలో నిరంతరం వినిపించడం వల్ల ‘షల్’కు గంభీరమైన ఆజ్ఞాస్వరం అబ్బింది. 1611 నాటి రాజాజ్ఞానువాదం, అంటే కింగ్ జేమ్స్ బైబిలు, ఆ స్వరాన్ని స్థిరపరచింది. వ్యవహారంలో మాత్రం ‘విల్’ అన్ని పురుషలకూ వ్యాపిస్తూ వచ్చింది.

ఈ రెండింటి మధ్య బిగువును ఆ కాలపు శ్రోతలు ఎంత స్పష్టంగా గుర్తించేవారో తెలుసుకోవడానికి షేక్స్‌పియర్ ‘కొరియొలేనస్’ నాటకం మూడవ అంకం తొలి రంగం మంచి సాక్ష్యం. ప్రజాప్రతినిధి సిసీనియస్ తన మాటలో ‘షల్’ వాడతాడు. ఆ క్రియ వినగానే కొరియొలేనస్ మండిపడతాడు. విషయాన్ని వదిలి ఆ పదాన్నే పట్టుకొని, ఇంత నిరంకుశమైన మాట అనడానికి ఇతడెవడని అధిక్షేపిస్తాడు. పాలించే హక్కు ఎవరిదన్న తగవు అక్కడ ఒక సహాయక క్రియ మీద నడుస్తుంది. ‘షల్’ అనేవాడు ఇతరులను ఋణగ్రస్తులుగా నిలబెట్టగల అధికారం తనకున్నదని చాటుకుంటున్నాడు. కొరియొలేనస్ కోపమంతా దానిమీదే.

వాలిస్ సూత్రం

పురుషభేదాన్ని ఆధారం చేసుకున్న సూత్రానికి ప్రసిద్ధిని తెచ్చినవాడు జాన్ వాలిస్. ఆక్స్‌ఫర్డ్‌లో జ్యామితి ఆచార్యుడు. అనంతానికి నేడు వాడే గుర్తును గణితంలో ప్రవేశపెట్టినవాడు. 1653లో ఆయన ప్రచురించిన ఆంగ్ల వ్యాకరణం లాటిన్‌లో రచితమైంది. ఆంగ్లం నేర్చుకోదలచిన విదేశీయులు దాని లక్షిత పాఠకులు. ఉత్తమ పురుషలో ‘షల్’ కేవల సూచన, ‘విల్’ వాగ్దానం లేదా బెదిరింపు. మధ్యమ ప్రథమ పురుషల్లో ‘షల్’ వాగ్దానం లేదా బెదిరింపు, ‘విల్’ కేవల సూచన. ఇదీ వాలిస్ చెప్పిన వ్యవస్థ.

ఈ సూత్రంలో తర్కం లేదనలేం. నా గురించి నేను ‘విల్’ అంటే నా కోరికను బయటపెడుతున్నాను కాబట్టి అది వాగ్దానమవుతుంది. నీ గురించి నేను ‘షల్’ అంటే నీమీద నా అధికారాన్ని మోపుతున్నాను కాబట్టి అది ఆజ్ఞో అభయమో అవుతుంది. రెండు సందర్భాల్లోనూ పనిచేసే సంకల్పం వక్తదే. మిగిలిన రెండు సందర్భాల్లో వక్త సంకల్పం తటస్థంగా ఉంటుంది. వాలిస్ గమనించినది నిజానికి వక్త సంకల్పపు ఉనికిని. ఆయన సూత్రీకరించినది మాత్రం పురుషభేదాన్ని. లక్ష్యంలోని అర్థభేదాన్ని లక్షణంలో రూపభేదంగా మార్చడమే ఆ తరవాతి గందరగోళానికి మూలం.

1762లో రాబర్ట్ లౌత్ తన సంక్షిప్త ఆంగ్ల వ్యాకరణంలో ఈ భేదాన్ని క్లుప్తంగా పునరుక్తి చేశాడు. 1795లో లిండ్లీ మర్రే రచించిన వ్యాకరణం అసంఖ్యాకమైన ముద్రణలు పొంది, ఈ సూత్రాన్ని అట్లాంటిక్‌కు రెండు వైపులా పాఠశాలలకు చేర్చింది. విదేశీయునికి దారి చూపడానికి పుట్టిన వివరణ ఈ దశలో స్వదేశీయుని తప్పులు పట్టే శాసనమైంది.

పరిహాస కథ, సామాజిక తూనికరాయి

19వ శతాబ్దిలో బాగా ప్రచారం పొందిన ఒక పరిహాస కథ ఉంది. నీళ్ళలో పడ్డ ఒక పరదేశి, తాను మునిగిపోతున్నానని, తనను రక్షించేవారు లేరని మొర పెట్టుకోబోయి ‘షల్’ ఉండవలసిన చోట ‘విల్’, ‘విల్’ ఉండవలసిన చోట ‘షల్’ వాడాడట. మునిగి తీరతానని, తనను ఎవరూ రక్షించడానికి వీల్లేదని అతడు శాసిస్తున్నట్టు ఒడ్డున ఉన్నవారికి అర్థమైందట! ఆ పరదేశి ఒక కథనంలో ఐరిష్‌వాడు, మరొక దానిలో స్కాట్లండువాడు, ఇంకొక దానిలో ఫ్రెంచివాడు. పాత్ర మారినా ఉద్దేశం మారలేదు. మునిగిపోతున్నవాడి మొర అర్థం కాని వినేవాళ్ళను వదిలి, మొర పెట్టుకున్నవాడి వ్యాకరణాన్ని నవ్వులపాలు చేయడం ఆ కథ చేసిన పని. ఐర్లండు, స్కాట్లండు, అమెరికాలలో ఉత్తమ పురుషలో కూడా ‘విల్’ సహజ ప్రయోగం. ఆ సహజ ప్రయోగాన్ని అజ్ఞానంగా చూపడానికి సూత్రం తూనికరాయిగా ఉపకరించింది.

ఈ కాలంలో సూత్రానికి నైతిక వ్యాఖ్యానం కూడా తోడైంది. తన గురించి చెప్పుకొనేటప్పుడు వినయంతో విధికి తలవంచి ‘షల్’ అనడం, ఇతరుల గురించి చెప్పేటప్పుడు వారి స్వేచ్ఛను గౌరవించి ‘విల్’ అనడం మర్యాద అని జూలియస్ హేర్ వివరించాడు. కెనడాకు గవర్నర్ జనరల్‌గా పనిచేసిన సర్ ఎడ్మండ్ హెడ్ 1856లో ఈ రెండు క్రియల మీదనే ఒక గ్రంథం ప్రచురించాడు. 1906లో ఫౌలర్ సోదరులు తమ ‘ది కింగ్స్ ఇంగ్లిష్’లో ఈ భేదం దక్షిణ ఇంగ్లండులో పుట్టినవారికి సహజంగా అబ్బుతుందనీ, ఇతరులు అభ్యసించడం బహు కష్టమనీ ఒప్పుకుంటూనే దానికి అనేక పుటలు కేటాయించారు. ఒక ప్రాంతపు ఉన్నతవర్గ వ్యవహారాన్ని సమస్త ఆంగ్లానికీ ప్రమాణం చేస్తున్నామన్న సంగతి వారి మాటల్లోనే ఉంది. శిష్టవ్యవహారం ఎవరిదన్న వాదం తెలుగులో గిడుగు రామమూర్తి నాయకత్వాన రగులుకొంటున్న కాలం కూడా దాదాపు అదే.

ప్రయోగ సాక్ష్యం

సూత్రాన్ని ప్రయోగంతో సరిచూసే పనిని విస్తృతంగా చేపట్టినవాడు అమెరికన్ భాషాశాస్త్రజ్ఞుడు చార్లెస్ కార్పెంటర్ ఫ్రీస్. 16వ శతాబ్ది మధ్యకాలం నుంచి 20వ శతాబ్ది ఆరంభం వరకు వచ్చిన ఆంగ్ల నాటకాల్లోని ‘షల్’, ‘విల్’ ప్రయోగాలను లెక్కించి ఆయన 1925లో తన ఫలితాలను ప్రకటించాడు. నాటకాలను ఎంచుకోవడానికి కారణం సంభాషణ వ్యవహారానికి సన్నిహితంగా ఉండటం. ఉత్తమ పురుషలో కూడా ‘విల్’దే ఆధిక్యమని, సాంప్రదాయిక సూత్రం వర్ణించిన వ్యవస్థ ప్రయోగ చరిత్రలో నిలవదని ఆయన పరిశీలన తేల్చింది. 17వ శతాబ్దికే బాగా వాడుకలో ఉన్న సంక్షిప్తరూపం ‘ల్’ కూడా ఈ విషయంలో గమనార్హం. అది చారిత్రకంగా ‘విల్’ నుంచి వచ్చింది. మాట్లాడేవారికి మాత్రం రెండింటిలో దేన్నీ ఎంచుకోనక్కరలేని వెసులుబాటు కలిగించింది.

అంతమాత్రాన రెండు క్రియలూ సమానార్థకాలని నిర్ణయించడం పొరపాటు. పురుషభేదం కూలిపోయిన చోట కూడా మూలార్థభేదం బతికే ఉంది. ప్రశ్నల్లో అది స్పష్టం. ‘తలుపు తీయనా? తీయమంటారా?’ అని అడగడానికి ఆంగ్లంలో ‘షల్’ వాడతారు. అక్కడ కర్త వక్త అయినా సంకల్పం శ్రోతది. ‘తలుపు తీస్తారా?’ అని కోరడానికి ‘విల్’ వాడతారు. అక్కడ కర్త శ్రోత, సంకల్పమూ శ్రోతదే. తెలుగులో ‘తీయమంటారా’ అనే రూపం మరొకరి సంకల్పాన్ని ‘అను’ ధాతువు ద్వారా బాహాటంగా వ్యక్తం చేస్తుంది. ఆంగ్లంలో ఆ పనిని ‘షల్’ గుప్తంగా చేస్తుంది.

ఆధునిక చరిత్రలో దీనికి మరొక సాక్ష్యం ఉంది. అమెరికాలో 1945-46లో దక్షిణ కరోలినా రాష్ట్రం చార్ల్‌స్టన్‌లో పొగాకు కార్మికుల సమ్మెలో పాడిన ఒక పాట 1948లో ‘ఉయ్ విల్ ఓవర్‌కమ్’ అనే పేరుతో అచ్చయింది. తరవాత అది ‘ఉయ్ షల్ ఓవర్‌కమ్’గా మారి, నల్లజాతి పౌరహక్కుల ఉద్యమ గీతమైంది. ఈ మార్పు చేసినది తానని పీట్ సీగర్ చెప్పుకున్నాడు. సెప్టిమా క్లార్క్ కూడా అయి ఉండవచ్చునన్నాడు. పాఠశాల సూత్రం ప్రకారం చూస్తే ఈ మార్పు అర్థాన్ని బలహీనపరచాలి, ఎందుకంటే ఉత్తమ పురుషలో ‘షల్’ కేవల సూచన, ‘విల్’ దృఢ సంకల్పం. కాని పాడినవారికీ విన్నవారికీ అనుభవం ఇందుకు భిన్నం. ‘విల్’ ఉన్నప్పుడు గెలుపు పాడేవారి పట్టుదల మీద ఆధారపడి ఉంది. ‘షల్’ వచ్చాక అది చరిత్ర తమకు చెల్లించవలసిన బాకీ అయింది. బైబిలు అనువాదాల్లో ఆ క్రియకు అబ్బిన ప్రవచన స్వరం చర్చిల్లో పెరిగిన ఆ గాయకులకు సుపరిచితం.

తెలుగులో వలయు, కలుగు

ఇప్పుడు తెలుగు వైపు చూస్తే, ఆంగ్లంలో రెండు క్రియలు పంచుకున్న అర్థక్షేత్రాన్ని మన భాషలో ‘వలయు’ ఒక్కటే ఆక్రమించడం కనిపిస్తుంది. ‘నాకు ధనము వలయును’ అంటే కోరిక. ‘నేను పోవలయును’ అంటే విధి. నేటి భాషలోనూ ‘నాకు నీళ్ళు కావాలి’, ‘నేను వెళ్ళాలి’ అనే జంటలో ఇదే స్థితి. కోరికనూ విధినీ వేరుచేసే పనిని తెలుగు ధాతుభేదంతో కాక వాక్యనిర్మాణంతో సాధించింది. కోరికలో అనుభోక్త ‘కు’ ప్రత్యయంతో వస్తాడు. విధిలో కర్త ప్రథమా విభక్తిలో ఉంటాడు. క్రియతో కూడిన కోరికను స్పష్టం చేయవలసి వస్తే ‘వెళ్ళాలని ఉంది’, ‘వెళ్ళాలనుకుంటున్నాను’ అని ‘అని’ని ఆశ్రయిస్తాం.

భవిష్యత్తు విషయంలో తెలుగు మూడవ దారి పట్టింది. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో వర్తమాన, భూత, భవిష్యత్తులతోపాటు తద్ధర్మాన్ని చెప్పాడు. వ్యాకరణ సంప్రదాయంలో ‘వండును’ తద్ధర్మం, ‘వండఁగలఁడు’ భవిష్యత్తు. ఈ రెండవ రూపంలోని ‘కల’ ఉనికినీ శక్తినీ తెలిపే ధాతువు. ఋణం నుంచి, కోరిక నుంచి ఆంగ్లం భవిష్యత్తును నిర్మించుకుంటే, తెలుగు గ్రాంథికభాష సామర్థ్యం నుంచి నిర్మించుకుంది. ఆ తరవాత వ్యవహారంలో భవిష్యదర్థం ‘వండుతాడు’ రూపానికి చేరి, ‘వండగలడు’లో సామర్థ్యమే ప్రధానార్థంగా నిలిచింది. పాత భవిష్యదర్థం ‘సభ జరుగగలదు’ అనే ప్రకటనల్లో, ‘విచ్చేయగలరు’, ‘గమనించగలరు’ అనే ఆహ్వానపత్రాల, కార్యాలయ లేఖల భాషలో మర్యాదపూర్వకమైన అభ్యర్థనగా మిగిలింది. ఇతరుల మీద ‘వలెను’ అనే బరువు పెట్టకుండా, వారి శక్తికీ ఇచ్ఛకూ వదిలిపెట్టే మర్యాద ఇది. హేర్ ఆంగ్లంలో ‘విల్’కు చెప్పిన మర్యాదను తెలుగులో ‘గలరు’ నిర్వహిస్తున్నది.

శాసన భాష

ఈ చర్చకు అత్యంత ప్రయోజనం శాసనానువాదంలో ఉంది. ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం 1966లో వచ్చింది. కేంద్ర చట్టాలకు ప్రాంతీయ భాషల్లో ప్రామాణిక పాఠాలను కల్పించే చట్టాన్ని పార్లమెంటు 1973లో చేసింది. ప్రామాణిక పాఠంలో క్రియారూపం కేవలం శైలికి సంబంధించిన విషయం కాదు. పౌరుని హక్కు, అధికారి కర్తవ్యం దానిమీద ఆధారపడతాయి. ఆంగ్ల శాసనాల్లో ‘షల్’కు తెలుగులో ‘వలెను’, ‘మే’కు ‘వచ్చును’ అనేవి పరిచితమైన సమానార్థకాలు. అయితే శాసనాల్లోని ‘షల్’ ఒకే రకమైనది కాదు. కనీసం మూడు రకాలను వేరుచేయవచ్చు.

మొదటిది కర్తవ్య విధాయకం. ఒక వ్యక్తి మీదనో, సంస్థ మీదనో బాధ్యత మోపేది. రాజ్యాంగం 320వ అధికరణం మూడవ ఖండం ప్రకారం కొన్ని విషయాల్లో పబ్లిక్ సర్వీస్ కమిషన్‌ను సంప్రదించాలి. ఇక్కడ ‘సంప్రదింపవలెను’ అనడం సముచితం. బాకీపడ్డవాడు ఒకడున్నాడు కాబట్టి ‘షల్’ మూలార్థం నిలుస్తుంది. దీనికే నిషేధరూపం ‘రాదు’. చట్టం ముందు సమానత్వాన్ని రాజ్యం ఎవరికీ నిరాకరించరాదన్న 14వ అధికరణంలో ‘షల్’తో కూడిన వ్యతిరేకార్థాన్ని ఆ రూపం చక్కగా మోస్తుంది.

రెండవది స్థాపకం. శాసనం పలకడంతోనే ఒక స్థితి ఏర్పడుతుంది. దాన్ని నెరవేర్చవలసిన బాకీదారు వేరే ఉండడు. భారతదేశం రాష్ట్రాల సమ్మేళనంగా ఉంటుందన్న మొదటి అధికరణంలోని ‘షల్’ ఇటువంటిది. అక్కడ ‘ఉండవలెను’ అంటే ఆ స్థితి ఇంకా ఏర్పడలేదని, దాన్ని ఏర్పరచవలసినవారు ఎవరో ఉన్నారని స్ఫురిస్తుంది. 17వ అధికరణం దీనికి ఇంకా తీక్ష్ణమైన ఉదాహరణ. అస్పృశ్యత కారణంగా ఏ అనర్హతనైనా అమలుజరపడం చట్టప్రకారం శిక్షించదగిన నేరమని ఆ అధికరణం చెప్పేటప్పుడు ఆంగ్లంలో ‘షల్’ ఉంది. దాన్ని యాంత్రికంగా ‘నేరము కావలెను’ అని అనువదిస్తే, ‘వలయు’లో కోరికార్థం కూడా ఉన్నందువల్ల, వాక్యం అర్థహీనమవుతుంది. ‘నేరమగును’ అన్న తద్ధర్మరూపమే అక్కడ శాసనం. అది ప్రకటించే విషయం ఇకపై ఎవరి దయతోనూ, ఎవరి ప్రయత్నంతోనూ నిమిత్తం లేకుండా నేరం. ఒక జాతి తన ఘోరాన్యాయానికి ముగింపు పలికిన వాక్యంలో ‘కావలెను’కూ ‘అగును’కూ ఉన్న భేదం చిన్నది కాదు.

ఈ తద్ధర్మరూపానికి శాసన గౌరవం మనకు కొత్తగా రాలేదు. చిన్నయసూరి సూత్రాల్లో విధి ‘అగు’ అనే రూపంతోనే సాగుతుంది. సంధి కావాలని సూత్రం ఎవరినీ ఆదేశించదు; సంధి అవుతుందని స్థాపిస్తుంది. వికల్పాన్ని చెప్పవలసినచోట దాన్ని ప్రత్యేకంగా పేర్కొంటుంది. నిత్యం, వైకల్పికం, నిషేధం అనే విభాగంతో వ్యాకరణ శాస్త్రం అలవరచిన ఈ పద్ధతిలో శాసనానువాదానికి కావలసిన సామగ్రి సిద్ధంగా ఉంది.

మూడవది ఫలవిధాయకం. ఫలానా పని చేసినవాడు శిక్షింపబడతాడనే శిక్షాస్మృతి వాక్యాలు ఈ కోవలోనివి. ఇక్కడ శిక్షపొందేవాడు కర్త. బాకీ మాత్రం న్యాయస్థానానిది. ‘శిక్షింపబడును’ అంటే ఫలం నిశ్చితం. ‘శిక్షార్హుడగును’ అంటే అర్హత మాత్రమే చెప్పినట్టు. 1860 నాటి భారత శిక్షాస్మృతి శిక్ష విషయంలో ఒక నుడికారాన్నీ, అదే వాక్యంలో జుర్మానాకు పాత్రుడగుటను చెప్పేటప్పుడు మరొక నుడికారాన్నీ వాడటం వల్ల, ఈ రెండు తెలుగు రూపాలనూ కలగాపులగం చేయడానికి వీల్లేదు. ‘శిక్షింపబడగలడు’ అనే రూపం గ్రాంథిక వ్యాకరణం ప్రకారం శుద్ధమైన భవిష్యత్తే అయినా, నేటి పాఠకునికి అది సంభావ్యతగా, న్యాయాధిపతి ఇష్టానికి వదిలినట్టుగా తోస్తుంది. కాబట్టి శాసనంలో అది వర్జ్యం.

‘షల్’ బరువు ఆంగ్లంలో సైతం నిశ్చితం కాదనడానికి పైన చెప్పిన 320వ అధికరణమే నిదర్శనం. మన్‌బోధన్ లాల్ శ్రీవాస్తవ కేసులో 1957లో సుప్రీంకోర్టు ఆ సంప్రదింపు నిబంధన తప్పనిసరి కాదని, అది మార్గదర్శకం మాత్రమేనని నిర్ణయించింది. ‘షల్’ ఉన్నంత మాత్రాన విధి అనుల్లంఘ్యమని చెప్పలేమని, సందర్భాన్నీ ప్రయోజనాన్నీ చూడాలని ఆ తీర్పు సారాంశం. ఇటువంటి సందిగ్ధత వల్లనే ఇటీవలి శాసన రచయితలు ఆ క్రియకు దూరమవుతున్నారు. 1996 నాటి దక్షిణాఫ్రికా రాజ్యాంగం బాధ్యతలను ‘మస్ట్’తో చెప్పింది. అమెరికా ఫెడరల్ సివిల్ ప్రక్రియా నియమాలను 2007లో తిరగరాసినప్పుడు ‘షల్’ను తొలగించారు. మరోవైపు 2015 డిసెంబరులో పారిస్ వాతావరణ ఒప్పందపు తుది ముసాయిదాలో సంపన్న దేశాల బాధ్యతను తెలిపే ఒకచోట ‘షల్’ కనిపించగా, దాన్ని ‘షుడ్’గా సవరించాకనే ఒప్పందం ఆమోదం పొందింది. తెలుగులో ఈ రెండింటి మధ్య ఎడం ‘చేయవలెను’కూ ‘చేయుట ఉచితము’కూ ఉన్నంత. బాకీ పత్రం మీద సంతకానికీ, మంచి మాటకు తలూపడానికీ మధ్య ఉన్న దూరమది.

ఉపసంహారం

‘షల్’ ఋణం నుంచి, ‘విల్’ కోరిక నుంచి పుట్టాయి. భవిష్యద్రూపం కొరవడిన భాషలో రెండూ ఆ స్థానం కోసం పోటీపడ్డాయి. వాలిస్ ఆ పోటీని పురుషభేదంగా వర్ణించాడు. పాఠశాల వ్యాకరణం దాన్ని శాసనంగా మార్చింది. సమాజం దాన్ని తూనికరాయిగా వాడుకుంది. ప్రయోగ పరిశీలన ఆ సూత్రాన్ని ఖండించినా మూలార్థభేదాన్ని ఖండించలేదు. ప్రశ్నల్లో, ఉద్యమగీతంలో, శాసనంలో అది నేటికీ పనిచేస్తున్నది.

కనుక తెలుగులోకి అనువదించేవారు ‘ఏ పురుష?’ అని కాక, ‘ఎవరి సంకల్పం? ఎవరి బాకీ?’ అని అడగాలి. బాకీదారు ఉన్నచోట ‘వలెను’, నిషేధమైతే ‘రాదు’, పలుకుతోనే స్థితి ఏర్పడేచోట ‘అగును’, ఫలం నిశ్చితమైన చోట ‘బడును’. ఈ నాలుగూ మన వ్యాకరణంలో ఇప్పటికే ఉన్నవి, కొత్తగా కల్పించుకోవలసినవి కావు. ఆంగ్లం ఒక్క ‘షల్’లో ఇరికించి న్యాయస్థానాల వివరణకు వదిలిన భేదాలను తెలుగు విడివిడి రూపాలతో చెప్పగలదు. శాసన భాషగా తెలుగు అసమర్థమన్న అభిప్రాయం ఇంకా వినిపిస్తున్న ఈ కాలంలో, కనీసం ఈ ఒక్క విషయంలో మూలం కంటే అనువాదమే స్పష్టంగా ఉండే అవకాశం మన భాషకు ఉంది. దాన్ని వినియోగించుకోవడానికి ముందు, చిన్నప్పుడు కంఠస్థం చేసిన ఆ పట్టికను పక్కన పెట్టవలసి ఉంటుంది.